కియాంటి: ఒకే పేరు, రెండు చట్టాలు, ఓ నల్ల కోడిపుంజు

మన ఊళ్లలో ‘వైన్స్’ అని బోర్డు పెట్టిన కొట్టుకు వెళ్తే విస్కీ, బీరు, బ్రాందీ అన్నీ ఉంటాయి. వైన్ కావాలంటే మాత్రం పై అరలో దుమ్ముపట్టిన సీసా ఏదో వెతికి తీస్తారు. పేరుకూ సరుకుకూ పొంతన లేకపోవడం మనకు కొత్త కాదు. ఇటలీలో ఒక ఎర్ర వైన్ విషయంలో ఇలాంటి పంచాయితీయే మూడు వందల ఏళ్లుగా నడుస్తోంది. ఆ వైన్ పేరు కియాంటి. ఇంగ్లిష్ అలవాటు కొద్దీ మనం ‘చియాంటి’ అని చదివేస్తాం కానీ, ఇటాలియన్‌లో ‘chi’ అనే అక్షరాలను ‘కి’ అనే పలుకుతారు.

డాలస్‌లోనో లండన్‌లోనో ఉండే మనవాళ్లు ఎవరింటికైనా భోజనానికి వెళ్తూ ఒక సీసా కొందామని దుకాణానికి వెళ్తే తిరకాసు అక్కడే మొదలవుతుంది. ఒక సీసా మీద ‘కియాంటి’ అని ఉంటుంది. పక్కనే ఉన్న సీసా మీద ‘కియాంటి క్లాసికో’, మెడ దగ్గర నల్ల కోడిపుంజు బొమ్మ, ధర దాదాపు రెట్టింపు. ఇంకో సీసా మీద కియాంటి అన్న మాటే కనిపించదు. ‘టొస్కానా’ అని మాత్రం ఉంటుంది. అది తయారైంది కియాంటి కొండల్లోనే, ధర మాత్రం మొదటిదానికి పదింతలు. పేరు రాసుకున్నది చవగ్గా, అసలు పేరే రాసుకోనిది ఖరీదుగా ఎందుకున్నాయి? దీనికి జవాబు రుచిలో దొరకదు, చరిత్రలో దొరుకుతుంది.

ముందు కొండలు, తర్వాతే వైన్

కియాంటి మొదట ఒక నేల పేరు. మధ్య ఇటలీలోని టస్కనీ రాష్ట్రంలో ఉత్తరాన ఫ్లోరెన్స్, దక్షిణాన సియెనా నగరాలు ఉన్నాయి. ఆ రెంటి మధ్య ఉన్న కొండల వరసనే కియాంటి అంటారు. రద్దా, గయోలె, కాస్టెల్లీనా అనే మూడు ఊళ్లు దానికి గుండెకాయ. మధ్యయుగాల్లో ఫ్లోరెన్స్ ఈ మూడింటినీ కలిపి సరిహద్దు రక్షణ కోసం ఒక కూటమిగా ఏర్పరచింది. దాని గుర్తు నల్ల కోడిపుంజు. ఫ్లోరెన్స్‌లోని పలాట్సో వెక్కియో భవనం పెద్ద హాలు కప్పు మీద చిత్రకారుడు వసారి చిత్రించిన బొమ్మల్లో ఆ పుంజు ఇప్పటికీ కనిపిస్తుంది.

ఆ పుంజు వెనక ఒక కథ చెబుతారు. హద్దుల కోసం కొట్టుకుని విసిగిపోయిన రెండు నగరాలూ ఒక ఒప్పందానికి వచ్చాయట. తెల్లవారి కోడి కూయగానే ఇటు నుంచి ఒక రౌతు, అటు నుంచి ఒక రౌతు బయల్దేరాలి. ఇద్దరూ ఎక్కడ ఎదురుపడితే అక్కడే హద్దు. సియెనావాళ్లు తెల్ల కోడిని కడుపునిండా మేపారు, అది హాయిగా నిద్రపోయింది. ఫ్లోరెన్స్‌వాళ్లు నల్ల కోడిని పస్తు పెట్టారు, అది ఆకలికి తట్టుకోలేక చీకటుండగానే కూసింది. ఫ్లోరెన్స్ రౌతు సియెనాకు పన్నెండు కిలోమీటర్ల దగ్గరగా, ఫొంటెరూటొలి దాకా వచ్చేశాడు. అలా కియాంటి దాదాపు మొత్తం ఫ్లోరెన్స్‌కు దక్కింది. తన కోడి కూయకపోతే తెల్లవారదనుకున్న ముసలమ్మ మన సామెతలో నవ్వులపాలైంది కానీ, ఫ్లోరెన్స్‌లో మాత్రం ఆ లెక్క పనిచేసింది. ఇది కథే, చరిత్ర కాదు. అయినా కియాంటి గురించిన ప్రతి తగాదా ఈ కథలాగే ఉంటుంది: హద్దు ఎక్కడ గీయాలి?

ఇప్పుడు క్లాసికో అని పిలిచే పాత ప్రాంతం సుమారు 70 వేల హెక్టార్లు. అందులో క్లాసికో వైన్ కోసం పెంచే ద్రాక్షతోటలు పదోవంతే, అంటే ఏడు వేల హెక్టార్లు, మన లెక్కలో 17 వేల ఎకరాల పైమాటే. మిగతాదంతా ఎక్కువగా అడవులు, ఆలివ్ తోటలు. నేల రాళ్ల నేల. పలకలు పలకలుగా విడిపోయే బంకరాయిని గలెస్ట్రో అంటారు, గట్టి సున్నపురాయిని అల్బెరేజె అంటారు. వరికి, గోధుమకు అంతగా అచ్చిరాని నేల ద్రాక్షకు మాత్రం వరం. నీరు నిలవదు కాబట్టి తీగ కాయను ఉబ్బించుకోలేదు, కాయ చిన్నగా, చిక్కగా వస్తుంది.

సాంజోవేజె: పులుపూ వగరూ ఉన్న ద్రాక్ష

కియాంటికి ప్రాణం సాంజోవేజె అనే ద్రాక్ష. ఇది ఆలస్యంగా పండుతుంది. తొక్క పలచన కావడంతో కోతల వేళ వానపడితే తొందరగా పాడవుతుంది. ఎండ చాలకపోతే పచ్చి పులుపు, ఎండ మరీ ఎక్కువైతే జామ్ లాంటి తీపి వాసన. రైతును ఏడాదంతా టెన్షన్ పెట్టే పంట.

రుచి గురించి చెప్పాలంటే తెలుగువాళ్లకు ఇంగ్లిష్‌వాళ్ల కంటే ఒక సౌకర్యం ఉంది. వైన్ పుస్తకాలన్నీ ‘టానిన్’ అనే పదార్థాన్ని వివరించడానికి పేరాలకు పేరాలు ఖర్చుపెడతాయి. మనకు ‘వగరు’ అనే ఒక్క మాట చాలు. పచ్చి జామకాయ, నేరేడు పండు, వక్క నమిలినప్పుడు నాలుక బిరుసెక్కినట్టు, చిగుళ్లు పట్టేసినట్టు అనిపిస్తుందే, అదే టానిన్. ద్రాక్ష తొక్క, గింజ, వైన్ ఉంచిన చెక్క పీపా, ఈ మూడింటి నుంచీ అది వైన్‌లోకి దిగుతుంది. సాంజోవేజె వైన్‌లో పులుపూ వగరూ రెండూ బాగా ఉంటాయి, రంగు మాత్రం మరీ ముదురు కాదు. పుల్లటి చెర్రీ వాసన దాని గుర్తు అంటారు. చెర్రీ అలవాటు లేనివాళ్లు, బాగా పండీ పండని నేరేడును తలచుకుంటే కొంత దగ్గరికి వెళ్తారు.

ఈ ద్రాక్షకు ఊరూరా ఒక పేరు. మోంటాల్చీనోలో బ్రునెల్లో, స్కన్సానోలో మొరెల్లీనో, మోంటెపుల్చానోలో ప్రున్యోలో జెంటీలె. ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. మోంటెపుల్చానో టస్కనీలో ఒక ఊరు. అదే పేరుతో అబ్రూట్సో రాష్ట్రంలో పూర్తిగా వేరే ద్రాక్షజాతి ఉంది. రెండింటికీ చుట్టరికం లేదు. ఇటలీ వైన్ పేర్లను నమ్ముకుని ఎవరితోనూ పందెం కాయకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

సాంజోవేజె మన దేశంలోనూ పెరుగుతోంది. మహారాష్ట్రలో సోలాపూర్ జిల్లా అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి సంస్థ టస్కనీ వైన్ నిపుణుడి సాయంతో దీన్ని నాటించింది. వాళ్ల ‘సెట్టె’ అనే వైన్‌లో ఇది కాబెర్నే సొవిన్యో అనే ఫ్రెంచ్ ద్రాక్షతో కలిసి ఉంటుంది. దిగుమతి వైన్ మీద మన దేశం ఏళ్ల తరబడి 150 శాతం సుంకం వేస్తూ వచ్చింది కాబట్టి, హైదరాబాద్‌లో చాలామంది మొదటిసారి ఈ ద్రాక్ష రుచి చూసింది ఇటలీ సీసాలో కాకుండా అక్లూజ్ సీసాలో అయినా ఆశ్చర్యం లేదు. దాన్ని కియాంటి అనకూడదు. ద్రాక్ష ఒకటే కావచ్చు, కియాంటి అనేది ద్రాక్ష పేరు కాదు మరి.

1716లో గీసిన గీత, 1932లో జరిపిన గీత

1716 సెప్టెంబర్‌లో టస్కనీ పాలకుడు మూడో కోసిమో డి మెడిచి ఒక శాసనం చేశాడు. కియాంటి, పొమీనో, కార్మిన్యానో, ఎగువ వాల్ డార్నో అనే నాలుగు ప్రాంతాల హద్దులు అందులో రాయించాడు. ఆ హద్దుల బయట తయారైన వైన్‌ను ఆ పేరుతో అమ్మితే నేరం. వైన్ ఊరి పేరుకు చట్టం కాపలా పెట్టిన తొలి సందర్భాల్లో ఇదొకటి. కాపలా ఎందుకు పెట్టాల్సి వచ్చిందంటే, అప్పటికే దొంగ సరుకు ఉండి ఉంటుంది. ఎవరూ కాజేయని పేరుకు తాళం ఎవరు వేస్తారు?

శాసనం ఉన్నా పేరు ఆగలేదు. 19వ శతాబ్దం చివరికి కియాంటికి గిరాకీ పెరిగింది. చుట్టుపక్కల జిల్లాల వ్యాపారులు తమ ఎర్ర వైన్‌ను కూడా కియాంటి అనే అమ్మారు. కొన్నవాళ్లకూ అభ్యంతరం లేదు. పాత కొండల రైతులకే మండింది. 1924 మే 14న రద్దాలో 33 మంది ఉత్పత్తిదారులు సమావేశమై, అసలు కియాంటిని కాపాడుకోవడానికి సంఘం పెట్టుకున్నారు. పాత నల్ల కోడిపుంజునే గుర్తుగా తీసుకున్నారు.

ప్రభుత్వం 1932లో తీర్పు చెప్పింది. అది ఇద్దరినీ సంతోషపెట్టబోయిన తీర్పు. కియాంటి పేరును మధ్య టస్కనీలో చాలా పెద్ద ప్రాంతానికి ఇచ్చేసి, దాన్ని ఏడు భాగాలు చేసింది. పాత కొండలున్న భాగానికి, హద్దులు కొంత పెంచి, ‘క్లాసికో’ అని తోక తగిలించింది. మిగతా ఆరూ రూఫినా, కొల్లి సెనేజి, కొల్లి ఫియొరెంటీని, కొల్లి అరెటీని, కొల్లీనె పిజానె, మోంటల్బానో. 1990లలో మోంటెస్పెర్టొలి కూడా చేరింది. అంటే అసలువాడు తన పేరు పక్కన ‘పాతవాడిని’ అని రాసుకోవాల్సి వచ్చింది, కొత్తవాళ్లు ఏ తోకా లేకుండా ఆ పేరు పెట్టుకున్నారు.

బనగానపల్లె మామిడిని తలచుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. బనగానపల్లె నంద్యాల జిల్లాలో ఒక ఊరు. ఆ ఊరి పేరు ఇప్పుడు దేశమంతటా ఒక మామిడి రకానికి పేరైపోయింది. చెట్టు ఎక్కడ పెరిగినా, కాయ బనగానపల్లే. 2017లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సరిగ్గా ఇక్కడే రెండు న్యాయమైన వాదనలు ఎదురుపడతాయి. ‘ఊరి పేరు ఊరివాళ్ల కష్టంతో వచ్చింది, దాన్ని అందరూ వాడుకుంటే మాకేం మిగులుతుంది’ అని ఒకరంటారు. ‘తరాలుగా మేమూ అదే పండిస్తున్నాం, అదే పేరుతో అమ్ముతున్నాం, ఇప్పుడు కొత్త పేరు తెచ్చుకోమంటే మా బతుకేంటి’ అని ఇంకొకరంటారు. 1932లో రోమ్ ప్రభుత్వం ముందు నిలబడిన వాదనలు ఇవే. నాకైతే పాత కొండల వాళ్లకు అన్యాయం జరిగిందనే అనిపిస్తుంది. అయితే రూఫినా విషయంలో ఈ మాట గట్టిగా అనలేను. అది ఫ్లోరెన్స్‌కు ఈశాన్యాన, చల్లటి కొండల్లో ఉంది. దశాబ్దాల పాటు నిలవుండే వైన్లు అక్కడి నుంచి వస్తాయి. క్లాసికో కాదు కాబట్టి తక్కువ రకం అనుకుంటే రూఫినా దగ్గర బోల్తా పడతాం.

ఆ కోడిపుంజు అమెరికాలోనూ కోర్టుకెక్కింది. గాలో అంటే ఇటాలియన్‌లో పుంజు, గాలో నీరో అంటే నల్ల పుంజు. కాలిఫోర్నియాలో గాలో అనే ఇంటిపేరుతోనే ఒక పెద్ద వైన్ కంపెనీ ఉంది. 1991లో అక్కడి కోర్టు కంపెనీ వైపు తీర్పు చెప్పింది. దాంతో అమెరికాలో ‘గాలో నీరో’ అన్న పేరు ఇటలీ సంఘం వాడుకోలేకపోయింది. పేరు కోసం పోరాడటానికి పుట్టిన సంఘం సముద్రం దాటేసరికి పేరే పోగొట్టుకుంది.

ఒక బారన్ ఉత్తరం చట్టంగా మారినప్పుడు

హద్దుల సంగతి అలా ఉంచి, సీసాలో ఏముండాలి? ఈ ప్రశ్నకు బెట్టీనో రికాసొలి అనే బారన్, అంటే జమీందారు లాంటి పెద్దమనిషి, జవాబు వెతికాడు. గయోలె దగ్గర బ్రోలియో కోట ఆయనది. ఏకమైన ఇటలీకి 1861లో రెండో ప్రధానమంత్రి అయ్యాడు. మొండిమనిషి, ‘ఉక్కు బారన్’ అని పేరు. దశాబ్దాల పాటు తోటల్లో ప్రయోగాలు చేసి, 1872లో పీసా విశ్వవిద్యాలయం ఆచార్యుడు స్టుడియాటికి ఒక ఉత్తరం రాశాడు. సాంజోవేజె వైన్‌కు వాసననూ బలాన్నీ ఇస్తుంది. కనయోలో అనే ఇంకో ఎర్ర ద్రాక్ష దాని కరుకుదనాన్ని మెత్తబరుస్తుంది. మల్వజియా అనే తెల్ల ద్రాక్ష వైన్‌ను తేలికపరిచి రోజువారీ భోజనానికి పనికొచ్చేలా చేస్తుంది, నిలవ పెట్టే వైన్‌లో మాత్రం దాన్ని వదిలేయవచ్చు. స్థూలంగా ఉత్తరం సారాంశం ఇది.

ఆ చివరి ముక్కను తర్వాతివాళ్లు మరిచిపోయారు. 1967లో కియాంటికి డీఓసీ హోదా వచ్చింది. డీఓసీ అంటే ఫలానా ప్రాంతంలో, ఫలానా ద్రాక్షలతో, ఫలానా పద్ధతిలో చేస్తేనే ఈ పేరు అని చెప్పే ప్రభుత్వ ముద్ర. కియాంటి నిబంధన ప్రకారం సాంజోవేజె 50 నుంచి 80 శాతం, కనయోలో 10 నుంచి 30, తెల్ల ద్రాక్ష 10 నుంచి 30 శాతం ఉండాలి. తెల్ల ద్రాక్ష ఇష్టం కాదు, తప్పనిసరి.

దీన్ని లెక్కలో చూద్దాం. ఒక రైతు దగ్గర వెయ్యి లీటర్ల తొట్టె ఉంది. అతని సాంజోవేజె ఆ ఏడు అద్భుతంగా పండింది. వెయ్యి లీటర్లూ దాంతోనే నింపితే అది చట్టం దృష్టిలో కియాంటి కాదు. కనయోలో కాక, కనీసం 100 లీటర్ల తెల్ల ద్రాక్ష రసం కూడా పోస్తేనే కియాంటి. పక్క రైతు సాంజోవేజె 500 లీటర్లే పోసి, 300 లీటర్లు తెల్లది, 200 లీటర్లు కనయోలో కలిపితే అది నిక్షేపంగా కియాంటి. ఎర్ర వైన్‌లో దాదాపు మూడోవంతు తెల్ల ద్రాక్ష! చిక్కటి పాలు అమ్మేవాడికి జరిమానా వేసి, నీళ్లు కలిపినవాడికి సర్టిఫికెట్ ఇచ్చినట్టయింది.

ఇంత వింత నిబంధన ఎందుకు పెట్టారంటే దానికీ కారణముంది. టస్కనీలో అప్పటిదాకా సగం పాలు పద్ధతి నడిచింది. భూమి దొరది, చాకిరీ రైతుది, పంట చెరిసగం. ఒకే పొలంలో ద్రాక్ష తీగ, ఆలివ్ చెట్టు, గోధుమ అన్నీ కలిపి వేసేవారు. 1960లలో ఆ పద్ధతి కూలిపోయింది. రైతులు పట్నాలకు, ఫ్యాక్టరీలకు వెళ్లిపోయారు. కొత్తగా నాటిన తోటల్లో దిగుబడే లక్ష్యమైంది. ఎక్కువ కాసే తెల్ల ద్రాక్ష త్రెబ్బియానో ఇబ్బడిముబ్బడిగా ఉంది. నిబంధన రాసినవాళ్లు ఆనాడు పొలంలో ఉన్నదాన్నే చట్టంలో రాసుకున్నారు. గడ్డితో అల్లిన బుట్ట తొడిగిన గుండ్రటి సీసాలో, చవగ్గా అమ్మే పలచటి వైన్‌గా కియాంటికి ప్రపంచమంతా పేరొచ్చింది. ఆ సీసాను ఫియాస్కో అంటారు. ఘోరంగా బెడిసికొట్టిన పనిని ఇంగ్లిష్‌లో అనే ఫియాస్కో కూడా ఈ ఇటాలియన్ మాటే. అప్పటి కియాంటికి ఆ రెండు అర్థాలూ సరిపోయాయి.

చట్టం బయటికి వెళ్లి బాగుపడినవాళ్లు

కొందరు ఈ నిబంధనను భరించలేకపోయారు. ఆరు వందల ఏళ్ల వ్యాపారమున్న ఆంటినోరి కుటుంబం 1971 పంటతో టిన్యానెల్లో అనే వైన్ తెచ్చింది. 1975 పంట నుంచి అందులో తెల్ల ద్రాక్ష లేదు, సాంజోవేజెతో పాటు కాబెర్నే ఉంది. తోట కియాంటి క్లాసికో హద్దుల్లోనే ఉన్నా ఆ పేరు పెట్టుకునే హక్కు లేదు. ‘వీనో ద టావొల’, అంటే మామూలు భోజనాల వైన్ అనే అట్టడుగు ముద్రతో అమ్మారు. జనం ఎగబడి కొన్నారు. 1977లో రద్దాకు చెందిన మోంటెవెర్టీనె పూర్తిగా సాంజోవేజెతోనే లె పెర్గొలె టోర్టె అనే వైన్ చేసింది. అచ్చంగా కియాంటి కొండల ద్రాక్ష, వేరే ఏదీ కలపలేదు, అయినా చట్టప్రకారం కియాంటి కాదు. కొన్నాళ్లకు వాళ్లు సంఘం నుంచే బయటికి వచ్చేశారు.

పత్రికలు ఇలాంటివాటికి ‘సూపర్ టస్కన్’ అని పేరు పెట్టాయి. అది చట్టంలో ఉన్న మాట కాదు. సముద్రతీరంలో బోల్గెరి దగ్గర పుట్టిన ససికాయా కూడా ఈ జాబితాలోకే వస్తుంది కానీ, దానికి కియాంటితో సంబంధం లేదు. ఫ్రాన్స్ బోర్డో పద్ధతిలో కాబెర్నేతో చేసే వైన్ అది. 1992లో ఇటలీ ఐజీటీ అనే కొత్త అంతస్తు పెట్టింది. ప్రాంతం చెప్పాలి, మిగతా నిబంధనలు వదులుగా ఉంటాయి. మొదట్లో చెప్పిన ‘టొస్కానా’ సీసా ఈ కోవదే.

చట్టం కూడా నెమ్మదిగా దారిలోకి వచ్చింది. 1984లో కియాంటికి డీఓసీజీ, అంటే పై అంతస్తు హోదా ఇస్తూ తెల్ల ద్రాక్ష వాటా బాగా తగ్గించారు. 1996లో క్లాసికోను వేరు చేసి దానికి సొంత డీఓసీజీ ఇచ్చారు. 2006 పంట నుంచి క్లాసికోలో తెల్ల ద్రాక్ష నిషేధం. 1967లో తప్పనిసరి అయినదే ఇప్పుడు నేరం.

సీసా మీద మాటలు ఏం చెబుతాయి, ఏం చెప్పవు

ఇంత చరిత్ర తెలిశాక ఆ అరలోని సీసాలను మళ్లీ చూద్దాం.

‘కియాంటి’ అని మాత్రమే ఉంటే: విశాల ప్రాంతంలో ఎక్కడి ద్రాక్షైనా కావచ్చు. సాంజోవేజె కనీసం 70 శాతం. కొద్దిగా తెల్ల ద్రాక్షకు ఇప్పటికీ అనుమతి ఉంది. సాధారణంగా లేతగా ఉన్నప్పుడే తాగేసే వైన్. దాని పక్కన రూఫినా లాంటి పేరుంటే ఆ చిన్న ప్రాంతం నుంచే వచ్చిందని అర్థం.

‘కియాంటి క్లాసికో’ అయితే: పాత కొండల ప్రాంతం, కనీసం 80 శాతం సాంజోవేజె, మిగతాది ఎర్ర ద్రాక్షే. ఇది కియాంటిలో ‘మెరుగైన రకం’ అని చాలామంది అనుకుంటారు. చట్టప్రకారం అది వేరే వైన్. క్లాసికో హద్దుల్లో మామూలు కియాంటి చేయడానికే వీల్లేదు. దిగుబడికీ పరిమితి ఉంది: హెక్టారుకు 7,500 కిలోల ద్రాక్ష, అంటే ఎకరానికి సుమారు మూడు టన్నులు. అందులో 70 శాతమే వైన్‌గా లెక్కకొస్తుంది. 7,500 కిలోలకు 5,250 లీటర్లు, 750 మిల్లీలీటర్ల సీసాలు సరిగ్గా ఏడు వేలు. ఎకరానికి 2,800 సీసాలన్నమాట. కొండ వాలు మీద మనుషులు చేత్తో కోసే చోట ఒక సీసా ధర ఎందుకు పెరుగుతుందో ఈ లెక్క చాలావరకు చెప్పేస్తుంది.

క్లాసికోలో మళ్లీ మూడు మెట్లు. మామూలుది 12 నెలలు, ‘రిజెర్వా’ 24 నెలలు, ‘గ్రాన్ సెలెట్సియోనె’ 30 నెలలు నిలవ ఉండాలి. చివరిదానికి ద్రాక్ష సొంత తోటదే కావాలి, కొన్న ద్రాక్ష పనికిరాదు.

ఈ మాటలేవీ రుచికి హామీ కావు. ఎక్కడ పండింది, ఏం కలిసింది, ఎంతకాలం ఉంచారు అన్నవే చెబుతాయి. పాత ఊరగాయ అయినంత మాత్రాన మంచి ఊరగాయ అవుతుందా? చేయి తిరిగిన మనిషి చేసిన మామూలు క్లాసికో, నిర్లక్ష్యంగా చేసిన రిజెర్వాను సులభంగా దాటిపోతుంది.

ఇప్పుడు నడుస్తున్న వాదన

గ్రాన్ సెలెట్సియోనె 2014లో వచ్చింది. బ్రునెల్లో, బరోలో లాంటి ఖరీదైన ఇటలీ వైన్ల పక్కన నిలబడాలంటే తమకూ ఒక శిఖరం ఉండాలని సంఘం ఆలోచన. సూపర్ టస్కన్ల బాట పట్టినవాళ్లను మళ్లీ కియాంటి పేరు కిందికి రప్పించాలన్న ఆశ కూడా ఉంది. ‘కొత్త మెట్టు వల్ల కొనేవాడికి గందరగోళం పెరిగిందే తప్ప నాణ్యత పెరగలేదు, ఆర్నెల్లు ఎక్కువ ఉంచినంత మాత్రాన శిఖరమైపోదు’ అని విమర్శకులన్నారు.

2021లో సంఘం ఇంకో అడుగు వేసింది. క్లాసికో ప్రాంతాన్ని 11 చిన్న భాగాలుగా గుర్తించింది. రద్దా, గయోలె, పన్‌జానో, లామొలె, సాన్ కాషానో, వల్యాల్యి వంటివి. ఆ పేర్లు సీసా మీద వేసుకునే వీలు ప్రస్తుతానికి గ్రాన్ సెలెట్సియోనెకే ఇచ్చింది. దానిలో సాంజోవేజె 90 శాతానికి పెంచి, మిగతా పదిలో కాబెర్నే, మెర్లో లాంటి విదేశీ రకాలకు చోటు లేకుండా చేయాలని తీర్మానించింది. స్థానిక ద్రాక్షే ఈ నేల గొంతు అని నమ్మేవాళ్లకు ఇది పండగ. ముప్ఫై ఏళ్ల కిందట కాబెర్నే నాటి, దాంతోనే పేరు తెచ్చుకున్నవాళ్లకు ఇది దెబ్బ. ఊరి పేరు వేసుకునే హక్కు ఖరీదైన సీసాకే ఎందుకు, మామూలు క్లాసికోకు మాత్రం ఊరు ఉండదా అనే ప్రశ్న నాకు సబబుగానే తోస్తుంది.

వాతావరణం కూడా ఈ పటాన్ని తిరగరాస్తోంది. రద్దా, లామొలె ఎత్తైన చోట్లు. ఒకప్పుడు అక్కడ ద్రాక్ష పూర్తిగా పండడమే కష్టమయ్యేది. ఎండలు ముదిరాక ఇప్పుడు ఆ చల్లదనమే వాటికి ఆస్తి అయింది.

టస్కనీ భోజనంలో కియాంటి చేసే పని

కియాంటిని ఒట్టిగా తాగితే చాలామందికి మొదటి గుక్క నచ్చదు. పుల్లగా, వగరుగా ఉంటుంది. అది భోజనం కోసం పుట్టిన వైన్. మన పప్పులో చింతపండు చేసే పని టస్కనీ భోజనంలో ఈ వైన్ చేస్తుంది.

అక్కడి వంట సాదాసీదా: ఉప్పు వేయని రొట్టె, తెల్ల చిక్కుడు గింజలు, ఆలివ్ నూనె, గొర్రె పాల పెకొరీనో జున్ను, కోడి కార్జం ముద్ద పూసిన రొట్టె ముక్కలు, అడవిపంది మాంసం కూరతో వెడల్పాటి పాస్తా. వీటన్నిటికీ పైన బిస్టెక్కా, అంటే కియనీనా జాతి ఆవు మాంసాన్ని ఎముకతో సహా మూడు నాలుగు వేళ్ల మందాన కోసి, బొగ్గుల మీద పైపైన కాల్చి, లోపల ఎర్రగానే వడ్డించేది. 2001లో పిచ్చి ఆవు జబ్బు భయంతో యూరప్ వెన్నెముక ఉన్న ముక్కలను నిషేధించినప్పుడు, పన్‌జానో ఊళ్లో మాంసం కొట్టు ఆయన ఒకరు బిస్టెక్కాకు శవపేటికతో సహా ఉత్తుత్తి అంత్యక్రియలు జరిపాడు. తిండి అంటే అంత పట్టింపు వాళ్లకు.

వగరు మన ఉమ్మిలోని మాంసకృత్తులను పట్టుకుంటుంది, అందుకే నోరు ఎండినట్టవుతుంది. మాంసమో జున్నో నోట్లో ఉంటే వగరు పట్టుకోవడానికి అవి దొరుకుతాయి, నాలుక బతికిపోతుంది. పైగా ఉప్పు వగరునూ చేదునూ అణచిపెడుతుంది. పులుపు కొవ్వు జిడ్డును కడిగేస్తుంది. టమాటా సంగతి వేరు. తిండి కన్నా వైన్ పులుపు తక్కువైతే వైన్ చప్పగా, నీళ్లలా తోస్తుంది. సాంజోవేజెకు పులుపు దండిగా ఉంది కాబట్టి, టమాటాలో రొట్టె ఉడికించి చేసే పప్పా అల్ పొమొదోరో ముందు కూడా నిలబడుతుంది. తీపితో మాత్రం దీనికి పడదు. కేక్ తిని ఒక గుక్క వేస్తే వైన్ పచ్చి పులుపెక్కుతుంది. అందుకే భోజనం చివర బాదం బిస్కెట్లకు తోడుగా విన్ శాంటో అనే ఎండు ద్రాక్షల తీపి వైన్ తెస్తారు.

సోంపు విషయం మరీ సరదాగా ఉంటుంది. ఫినొక్కియోనా అనే సోంపు వేసిన సలామీ అక్కడ ప్రసిద్ధి. చెడిపోయిన వైన్ అంటగట్టే ముందు వ్యాపారులు కొనేవాడికి సోంపు రుచి చూపించేవారని, ఆ ఘాటులో వైన్ లోపం తెలిసేది కాదని చెబుతారు. మోసం చేయడానికి ఇటాలియన్‌లో ఉన్న ‘ఇన్‌ఫినొక్కియారె’ అనే మాట సోంపు నుంచే వచ్చింది.

ఇదే తర్కాన్ని మన కంచం మీదికి తెస్తే గోంగూర మటన్ మంచి పరీక్ష. మాంసం ఉంది, కొవ్వు ఉంది, పులుపుకు పులుపు ఉంది. ఇంతవరకు సాంజోవేజెతో జోడీ కుదిరినట్టే. చిక్కంతా గుంటూరు కారంతో. మిరపలోని మంటను వైన్‌లోని ఆల్కహాల్ ఇంకా రగిలిస్తుంది, వగరు ఆ మంట మీద గరుకు కాగితంలా రాసుకుంటుంది. 14 శాతం ఆల్కహాల్ ఉండి పీపా వగరు బాగా దిగిన గ్రాన్ సెలెట్సియోనె ఇక్కడ ఓడిపోతుంది. 12, 12.5 శాతం దగ్గర ఉండే లేత, మామూలు కియాంటి, అదీ కాస్త చల్లగా ఉంటే, కొంత నయం. మొదట చూసిన అరలో అన్నిటికన్నా చవగ్గా కనిపించిన సీసా అదే.